మనిషి పోయాక ఇంటివాళ్లకు మనం చేసే ఫోన్లు పనికొస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

నల్గొండ నర్సు:

అందరికీ నమస్కారం. నల్గొండ వైపు పల్లెల్లో తిరిగే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) టీమ్‌లో నర్సుని. మేం వెళ్లేది ఎక్కువగా క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్ల ఇళ్లకు. మనిషి పోయాక పదకొండో రోజు దాటాక ఒకసారి, మూడో నెలలో ఒకసారి ఫోన్ చేస్తాం. చివర్లో మా సేవకు ఐదుకు ఎన్ని మార్కులిస్తారో అడిగి రాసుకుంటాం. మొన్న పోయిన ఏడాది కాగితాలన్నీ ముందేసుకుని చూశాను. దాదాపు అన్నీ ఐదులే.

నాకు సంతోషం కలగలేదు. ఐదు ఇచ్చిన ఇళ్లలో ఒకదాని పక్కింటికి వేరే పేషెంట్ కోసం వెళ్లాను. ఆ ఐదు ఇచ్చిన ఇంటాయన పోయి ఐదు నెలలు. ఆయన భార్య నన్ను చూడగానే లోపలికి వెళ్లి, బియ్యం డబ్బాలో దాచిన మార్ఫిన్ (నొప్పి తగ్గించే మందు) మాత్రల అట్ట తెచ్చింది. "బిడ్డా, ఆ రాత్రి ఆఖరి మాత్ర నేనే ఏసిన. అందుకే పోయిండా?" అంది. డాక్టర్ రాసినంతే వేశావమ్మా, జబ్బు ముదిరి పోయాడని ఆమె పక్కన కూర్చుని చెప్పాను. ఐదు నెలలు ఆ ప్రశ్న కడుపులో పెట్టుకుని ఉంది. మా ఫోన్లు ఎత్తింది హైదరాబాద్‌లో ఉండే కొడుకు. మార్కులు ఆయనవి. మా రిజిస్టర్‌లో ఆమె నంబరే లేదు.

మీ దగ్గర ఎవరిని అడుగుతున్నారు, ఎప్పుడు, ఏమని?

గుంటూరు కూతురు:

అక్కా, నేను ఆ ఫోన్లు ఎత్తేవైపు మనిషిని. నాన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. పెద్దకర్మ రోజే ఫోన్ వచ్చింది. వంటవాళ్లకు డబ్బులు లెక్కపెడుతూ "బాగానే ఉన్నామండీ" అన్నాను. ఇల్లు నిండా చుట్టాలున్నప్పుడు ఇంకేం చెప్తాం? అసలు కష్టం నాలుగో మాసికం దాటాక, అందరి రాకపోకలు తగ్గాక మొదలైంది. అమ్మ రాత్రి రెండింటికి లేచి ఆయన మంచం దగ్గర కూర్చునేది, మందు వేళైందని.

ఇంకో మాట. నాన్న వీపు పుండ్లు కడిగిన సిస్టరే ఫోన్ చేసి మార్కులు అడిగితే నేను నాలుగు ఎలా ఇస్తాను? ఆవిడ చేతులు గుర్తొస్తాయి కదా.

పాలియేటివ్ డాక్టర్:

ఈ చెల్లెలు చెప్పిందే అసలు సంగతి. అమెరికాలో హాస్పిస్‌ల (చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే సంస్థల) సర్వేలో మనిషి పోయిన రెండు మూడు నెలలకు దగ్గరుండి చూసుకున్నవాళ్లను అడుగుతారు. అడిగేది హాస్పిస్ వాళ్లు కాదు, బయటి సంస్థ. మీకు అంత ఏర్పాటు ఉండదు. పక్క మండలం టీమ్‌తో మాట్లాడుకోండి, మీ ఇళ్లకు వాళ్లు, వాళ్ల ఇళ్లకు మీరు ఫోన్ చేయవచ్చు.

ఏడుపును కొలవకండి. మూడో నెలలో ఏడిస్తే మీ సాయం తప్పినట్టు కాదు. మార్కులు పక్కనపెట్టి, "ఆ రోజుల గురించి ఇంకా మనసులో తొలిచే ప్రశ్న ఏమైనా ఉందా?" అని అడగండి. నిద్ర, తిండి, అప్పులు, పింఛను కాగితాల సంగతీ అడగండి. ఆరు నెలలు దాటినా దుఃఖం తగ్గక, రోజువారీ పనులు కూడా చేసుకోలేకపోతుంటే మానసిక వైద్యులకు చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా చేర్చారు, అక్కడ గడువు కనీసం 6 నెలలు. అంటే మూడో నెలతో ఆపేస్తే అలాంటివాళ్లు మీ కంట పడరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు కూడా ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు.

నల్గొండ నర్సు:

సార్, చెల్లీ, థాంక్స్. ఇవాళే రిజిస్టర్‌లో కొత్త గడి గీశాను: "రాత్రిళ్లు పేషెంట్ పక్కన ఉన్నది ఎవరు?" వాళ్ల నంబర్ రాస్తాం. ఫోన్ లేకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తది రాస్తాం. ఏడో నెలలో ఇంకో ఫోన్ కలుపుతున్నాం, మా వాళ్లు ఒప్పుకున్నారు. పక్క మండలం సిస్టర్‌తో సోమవారం మాట్లాడతాను. పోయిన ఏడాది ఐదులు వచ్చిన ఇళ్లకే మళ్లీ చేయించి, ఏం చెప్పారో ఇక్కడ రాస్తాను.