కామెలన్ పాత కాలువ రేవు జాడ తెలిసినవారు సాయం చేయగలరా?

స్కాట్లండ్‌లోని ఫాల్కర్క్ పట్టణంలో ఇప్పుడు ఒక పేటగా ఉన్న కామెలన్, ఒకప్పుడు ఫోర్త్-క్లైడ్ కాలువ ఒడ్డున మేకుల తయారీకి పేరుపొందిన విడి గ్రామం. ఆ ఊరి గురించి ఒక తెలుగు వ్యాసం రాస్తున్నాను. 1790లో పూర్తయిన ఈ కాలువలోకి, 1822లో ఎడిన్‌బరో నుంచి వచ్చిన యూనియన్ కాలువ 11 లాకుల (పడవలను ఎత్తి దించే, తలుపులున్న నీటి గదుల) మెట్ల మీదుగా దిగి, కామెలన్‌లోని పోర్ట్ డౌనీ అనే రేవు దగ్గర కలిసేది. గోదావరి డెల్టాలో లాకుల పక్కన పెరిగినవారికి ఆ కట్టడం ఎంత శ్రమో వేరే చెప్పనక్కరలేదు. ఆ లాకులను 1933లో మూసివేశారు. 2002లో ప్రారంభమైన ఫాల్కర్క్ చక్రం పడవలను ఎత్తి దించుతూ రెండు కాలువలను మళ్లీ కలిపింది.

సందర్శకులందరూ ఆ చక్రాన్ని చూసి వెళ్లిపోతారు, కానీ దానికి ముందు ఆ పని చేసిన రేవును, దాని చుట్టూ బతికిన మనుషులను ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధగా ఉంది.

స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో ఉంచిన పాత సర్వే పటాలను ఇప్పటి వీధులతో సరిపోల్చి, రేవు హద్దులను కచ్చితంగా గుర్తించడం ఎలాగో అనుభవజ్ఞులు దయచేసి వివరించండి. ఫాల్కర్క్‌లోని క్యాలెండర్ హౌస్ అనే పాత భవనంలో ఉన్న స్థానిక దస్తావేజులను చూసినవారు ఉంటే, మేకుల కార్మికుల కుటుంబాల వివరాల కోసం ముందుగా ఏ రకం రికార్డులు అడగాలో చెప్పగలరా? ఫాల్కర్క్ పరిసరాల్లో నివసించే తెలుగువారెవరైనా ఆ చోటి నేటి ఫొటోలు పంపితే ఎంతో రుణపడి ఉంటాను.