తెల్ల ఈకల వివరం పోకుండా పక్షి ఫోటోను దిద్దుకోవడం ఎలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకున్న ఎర్రకాళ్ళ కొంగలను మార్చి ఎండలో, రా ఫైళ్ళుగా (కెమెరా పట్టిన సమాచారాన్ని జేపెగ్‌గా మార్చకుండా దాచే ఫైళ్ళు) తీశాను. మెడ, వీపు ఈకలు తెల్లగా మాడిపోయినట్టున్నాయి. హైలైట్ల (బాగా వెలుగున్న చోట్ల) స్లైడర్ తగ్గిస్తే ఆ చోటు బూడిదరంగు మచ్చగా మారుతోందే తప్ప ఈకల గీతలు తేలడం లేదు. కాళ్ళ ఎరుపు, తోక దగ్గరి గులాబీ రంగు వెలవెలబోయాయని సాచురేషన్ (రంగుల చిక్కదనం) పెంచితే కొందరు మెచ్చుకున్నారు, కొందరు రంగు పూసినట్టుందన్నారు. వాట్సాప్ బృందంలో పెడితే "సూపర్" అన్న మాట తప్ప మరొకటి రాదు. ఫోటో మెరుగుపడేలా అభిప్రాయం అడగడం ఎలాగో కూడా దయచేసి చెప్పండి.

జవాబు (కర్నూలు నుంచి)

ముందుగా హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో ఏ వెలుగు స్థాయి ఎంత ఉందో చూపే పటం) ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళను విడివిడిగా చూడండి. మూడూ కుడి గోడకు తగిలి ఆగిపోయిన చోట ఫైల్లో సమాచారమే లేదు కాబట్టి ఏ స్లైడరూ ఈకను తిరిగి తేలేదు. మీకు కనిపిస్తున్న బూడిద మచ్చ అదే. ఒక్క చానెల్ మాత్రమే తెగి (అంటే గోడకు తగిలి ఆగిపోయి) ఉంటే, మిగిలిన రెండింటి ఆధారంగా సాఫ్ట్‌వేర్ కొంతవరకు వివరాన్ని కూర్చగలదు. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో చానెల్‌కు 16,384 వెలుగు స్థాయిలు ఉంటాయి, 8 బిట్ల జేపెగ్‌లో 256 మాత్రమే. అందువల్ల వెలుగునీడల సవరణ అంతా రాలోనే ముగించి, జేపెగ్‌ను చివర తీయండి. మొత్తం ఫోటోను చీకటి చేయకుండా, కొంగ మీద మాత్రమే మాస్క్ వేసి (ఆ భాగాన్నే ఎంచుకుని) ఎక్స్‌పోజర్‌ను (వెలుగు మోతాదును) కొద్దిగా దించితే చింతాకుల పచ్చదనం నల్లబడదు. ఈసారి తీసేటప్పుడే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు (అంటే వెలుతురు సగమయ్యేంత వరకు) తగ్గించి, పొద్దున్నే వాలు వెలుతురులో తీస్తే ఈ శ్రమలో చాలా భాగం తప్పుతుంది.

నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గింపు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైన మా రోళ్ళపాడు అభయారణ్యానికి చలికాలంలో హారియర్లు, అంటే పిల్లిగద్దలు, వలస వస్తాయి. మాంటేగ్యూ హారియర్ మగపక్షికి పొట్ట మీద సన్నని ఇటుకరంగు చారలు ఉంటాయి, రెక్క మీద నల్లని అడ్డగీత ఉంటుంది. పాలిడ్ హారియర్ మగపక్షికి ఆ రెండూ ఉండవు. నాయిస్ తీసేసే ఉత్సాహంలో ఆ చారలు కూడా చెరిగిపోతే చూసేవారు ఒక జాతిని మరొక జాతిగా పొరబడతారు. కనుక నాయిస్‌ను ఆకాశంలోనూ నేపథ్యంలోనూ ధారాళంగా తగ్గించి, పక్షి ఒంటి మీద మాత్రం గరుకుదనం కొంత మిగిలినా ఉండనివ్వండి. షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) ఆ తరువాతే, అదీ కన్ను, ముక్కు, ఈకల అంచుల వరకే చేయండి.

జవాబు (కడప నుంచి)

రంగు గురించి చెబుతాను. ఎర్రకాళ్ళ కొంగ అని పిలుస్తున్నా, వాటి కాళ్ళు చాలాసార్లు సున్నం పూసినట్టు తెల్లగా కనిపిస్తాయి. అవి తమ కాళ్ళ మీదే రెట్ట వేసుకుంటాయి, అదే కారణం. మీ ఫోటోలో కాళ్ళు పాలిపోయి ఉంటే అది కెమెరా లోపం కాకపోవచ్చు, కాబట్టి ఎరుపు పెంచకండి. (వీటిని సైబీరియా కొంగలని పత్రికల్లో కూడా రాస్తుంటారు. కానీ ఇవి భారత ఉపఖండంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే పక్షులు.) ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) సరిచేయండి. వీపు తెలుపులో పసుపు గానీ నీలం గానీ తొంగిచూడనప్పుడు గులాబీ ఈకలు తమంతట తామే తేరుకుంటాయి. అప్పటికీ చాలదనిపిస్తే మొత్తం సాచురేషన్ జోలికి పోకుండా, ఆ ఈకల మీద మాస్క్ వేసి ఇసుమంత పెంచండి.

ఇక అభిప్రాయం అడగడం. "ఎలా ఉంది?" అంటే "సూపర్" అనే వస్తుంది. దిద్దకముందు ఫోటోను, దిద్దిన ఫోటోను పక్కపక్కన పెట్టి, "మెడ మీద ఈకలు మీకు విడివిడిగా కనిపిస్తున్నాయా?" అని ఒక్క ప్రశ్న అడగండి. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించేస్తుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపండి. ఫోన్ తెరలు కొన్ని రంగులను చిక్కగా చూపిస్తాయి కాబట్టి ఎవరు ఏ తెర మీద చూశారో కూడా కనుక్కోండి. పక్షులను బాగా ఎరిగినవారి మాటకూ ఫోటోలు బాగా ఎరిగినవారి మాటకూ వేర్వేరు విలువ ఉంది. జాతి గుర్తుల విషయంలో నేను మొదటివారినే నమ్ముతాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వీపు మీద మూడు చానెళ్ళూ తెగి ఉన్నాయి, మెడ మీద ఎరుపు ఒక్కటే తెగింది. ఇంకొక సందేహం: గూటిలోని పిల్ల ముఖానికి అడ్డంగా ఒక రెమ్మ ఉంది. దాన్ని చెరిపివేసి, పిల్ల పెద్దగా కనిపించేలా క్రాప్ చేయవచ్చా? నాది 24 మెగాపిక్సెల్ కెమెరా.

జవాబు (కర్నూలు నుంచి)

మెడ దక్కుతుంది, వీపును అలాగే వదిలేయండి. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచి క్రాప్ చేస్తే మీకు 6 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి. తెర మీద చూడడానికి అది చాలు, పెద్ద ప్రింటుకు చాలదు. రెమ్మను చెరిపితే దాని వెనుక ఉన్న ముఖాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది కనుక ఆ పని నేనైతే చేయను. రెమ్మ వెలుగును కాస్త తగ్గిస్తే చూపు దాని మీద నిలవదు. మెడ సరిచేసిన తరువాత ఎస్ఆర్‌జీబీ (చాలా తెరలు పాటించే రంగుల ప్రమాణం) ప్రొఫైల్‌తో జేపెగ్ తీసి, అసలు ఫోటోతో కలిపి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాము.