మోకాలు ఎంత వంగుతుందో ఇంట్లో ఫోన్‌తో కొలిస్తే చాలదా?

పుత్తూరు అక్క:
అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఆరు వారాలు. వారానికి మూడుసార్లు తిరుపతికి తీసుకెళ్తున్నా. బస్సు, ఆటో ఖర్చు పోగా నా రోజు కూలి కూడా పోతుంది. ఫోన్‌లో కోణం చూపించే యాప్ వేసుకున్నా. మంచం అంచున కూర్చోబెట్టి, మోకాలి కింద ముంగాలి మీద ఫోన్ ఆనించి కొలిస్తే నిన్న 95 వచ్చింది. ఇది చాలదా?

కీళ్ల నేస్తం:
చాలదమ్మా. ఫిజియోగా చెబుతున్నా. ఫోన్ కొలిచేది ముంగాలి వాలును మాత్రమే. తొడ కాస్త కదిలినా ఆ డిగ్రీలు లెక్కలో కలిసిపోతాయి. మేం కీలు కోణం కొలిచే గోనియోమీటర్ అనే పరికరానికి రెండు చేతులుంటాయి, ఒకటి తొడ వెంట, ఒకటి ముంగాలి వెంట పెడతాం.

అలిపిరి మెట్టు:
కొలిచే మనిషి మారితే గోనియోమీటర్‌లోనూ 5 డిగ్రీల తేడా మామూలే కదా అన్నా.

కీళ్ల నేస్తం:
ఆ 5 చిన్నది కాదు. మెట్లు దిగడానికి 90 నుంచి 100 దాకా కావాలి. ఈమె సరిగ్గా అక్కడే ఉంది.

చంద్రగిరి తమ్ముడు:
కైనెక్ట్ కెమెరా 2010లో ఆటల కోసం వచ్చింది, పరిశోధకులు దాంతో కీళ్ల కదలికలు కొలిచారు. ఇప్పుడు ఆ పని ఫోన్ కెమెరాతోనే అవుతుంది. వీడియోలో కీళ్లు ఎక్కడున్నాయో గుర్తించే మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పక్క నుంచి వీడియో తీయండి అక్కా.

పుత్తూరు అక్క:
అమ్మ చీర కడుతుంది తమ్ముడూ. కీలు ఎక్కడుందో కెమెరాకు ఎలా తెలుస్తుంది?

కీళ్ల నేస్తం:
చూశారా! 5 డిగ్రీలు కాదు, 15 తప్పొచ్చు.

అలిపిరి మెట్టు:
మళ్లీ డిగ్రీలేనా! నాకు లిగమెంట్ ఆపరేషన్ అయ్యాక ఒక క్లినిక్‌కు నెలంతా తిరిగాను. కార్డులో రోజూ 'మెరుగు' అని రాశారు, ఒక్క అంకె లేదు. కాలు పూర్తిగా చాపలేకపోతున్నానని ఆరు నెలలకు ఇంకో చోట తేలింది. తప్పు అంకె అయినా నా చేతిలో ఉండుంటే అడిగేవాణ్ని.

కీళ్ల నేస్తం:
ఎవరో చేసిన దానికి నన్నంటారా? ఫోన్ బాగుందంటోంది కదా అని మూడు నెలలు రాకుండా ఉండిపోయిన ఒకామెకు మత్తిచ్చి కాలు వంచాల్సి వచ్చింది. వాపు, వేడి చేత్తో తడిమి చూడాలి. కొలతకు ఫోన్ వాడితే నాకేం బాధ లేదు. మీరు రావడం మానేస్తారని నా భయం.

పుత్తూరు అక్క:
మానేస్తానని నేను అనలేదు సార్. ఏ రోజు రావాలో, ఏ రోజు రాకపోయినా పర్వాలేదో నాకు తెలియాలి. అది ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

కీళ్ల నేస్తం:
రోజూ అదే మంచం, అదే చోటు, అదే టైం. మూడుసార్లు కొలిచి రాసుకోండి. వారమైనా అంకె పెరగకపోతే రండి. పిక్కలో నొప్పి, వాపు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

పుత్తూరు అక్క:
క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నా సార్.