మూడున్నర శాతం డౌన్ అన్నారు, క్లోజింగ్‌కి 28 వేలు అడుగుతున్నారు

ఫ్రిస్కో_కొత్తకాపు
గ్రీన్‌కార్డు వచ్చింది, టెక్సస్‌లో ప్రిన్స్‌టన్ వైపు కొత్త ఇల్లు మాట్లాడుకున్నాం. 4,20,000 డాలర్లు. క్రెడిట్ స్కోరు అంతంతమాత్రం, అందుకే ఎఫ్‌హెచ్‌ఏ (తక్కువ డౌన్ పేమెంట్‌తో దొరికే ప్రభుత్వ హామీ లోన్). మూడున్నర శాతమంటే 14,700, దానికే సిద్ధపడ్డాం. లోన్ ఎస్టిమేట్‌లో క్యాష్ టు క్లోజ్ (క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మన పేరున రాసేరోజు మొత్తం కట్టాల్సింది) చూస్తే 28 వేలు. టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కు మీద తగాదా వస్తే ఆదుకునేది) రెండుసార్లు వేశారు. వీటిలో ఏది తగ్గించమని అడగొచ్చు? బిల్డర్ చెప్పిన లెండర్ దగ్గరకే వెళ్లాలా? 14న గృహప్రవేశం అని మా అత్తగారు ముహూర్తం కూడా పెట్టించేశారు.

ఎడిసన్_బాబాయ్
అసలు వీసా మీదున్నవాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ ఎత్తేశారండీ! 2025 మే 25 నుంచి కేస్ నంబర్ పడినవాటికి హెచ్1బి అంటే లేదు పొమ్మంటున్నారు. మా తమ్ముడి లోన్ ఆఫీసర్ ఆ నంబర్ తెప్పించడానికి బద్ధకించాడు. ఇన్‌స్పెక్షన్ డబ్బులు గంగపాలు.

షార్లెట్_లక్ష్మి
బాబాయ్ గారూ, ఆయన మొదటి మాటే గ్రీన్‌కార్డు వచ్చిందని. వీసా మీదున్నా కన్వెన్షనల్ (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్) దొరుకుతుంది, మేం అలాగే కొన్నాం.
కొత్తకాపు గారూ, ఎస్టిమేట్ రెండో పేజీ తీయండి. ఎ అనే గడిలో ఉన్నది లెండర్ సొంత ఫీజు, గట్టిగా బేరమాడాల్సింది అక్కడే. సి లోవి మీరు బయట వెతుక్కోవచ్చు. ఎఫ్, జి మాత్రం ఫీజులే కావు. ఏడాది ఇన్సూరెన్స్, నెలాఖరు దాకా వడ్డీ, ఎస్క్రోలో (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కట్టడానికి లెండర్ దగ్గర ఉంచే ఖాతాలో) వేసే ట్యాక్స్. ఎస్క్రోలో వేసింది మీ డబ్బే, మీ పేరునే ఉంటుంది. క్లోజింగ్ ఖర్చని ఏడవకండి.

కరీంనగర్_టు_ఆస్టిన్
ఏందక్కా గట్లంటవ్? జేబులకెళ్లి పోయేది పైసలు కాదా? నా క్లోజింగ్‌ల సగం గదే ఉండె. "నీ డబ్బే" అని లెండరు గూడ గిట్లనే చెప్పిండు.

షార్లెట్_లక్ష్మి
పోయేది డబ్బే, కాదనలేదు తమ్ముడూ. కానీ ఎవరి దగ్గర లోన్ తీసుకున్నా కట్టాల్సిందే. ఇద్దరు లెండర్లను పోల్చేటప్పుడు అవి కలిపితే లెక్క తప్పుతుంది. కొందరు ఎస్క్రో తక్కువ చూపించి మేమే చవక అంటారు.

కరీంనగర్_టు_ఆస్టిన్
పోల్చుడు గురించి ఆయన అడగలే. 28 వేలు యాడికెళ్లి తేవాల్నని అడిగిండు.

ఎస్క్రో_బాధితుడు
ఎస్క్రో పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. టెక్సస్‌లో జనవరి 1 నాటికి ఇల్లు పూర్తి కాకపోతే ఆ ఏడు ట్యాక్స్ బిల్లు దాదాపు స్థలానికే వస్తుంది. లెండర్ అదే చూసి ఎస్క్రో కట్టాడు. మరుసటేడు ఇంటికి మొత్తం వేశారు, పైగా మడ్ ట్యాక్స్ (కొత్త కాలనీలకి నీళ్లు, డ్రైనేజీ వేసిన సంస్థకి కట్టేది). నెల కిస్తీ ఒక్కసారిగా 640 పెరిగింది. కొత్త ఇల్లయితే పూర్తి ఇంటి విలువ మీద ఎస్క్రో కట్టమని ఇప్పుడే అడుగు బ్రదర్. క్లోజింగ్‌లో ఇంకో నాలుగు వేలు పోతే పోనీ.

లోన్_గురువు
ఇక్కడ చాలామంది తెలిసీ తెలియక రాస్తున్నారు. డాలస్‌లో సగం తెలుగువాళ్ల ఇళ్లకు నేనే సలహా ఇచ్చాను. బాబూ, ఎఫ్‌హెచ్‌ఏ కళ్లు మూసుకుని తీసుకో. ఇంట్లో నీ వాటా 20 శాతం రాగానే ఆ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (మనం లోన్ ఎగ్గొడితే లెండర్‌కి రక్షణగా మనమే కట్టేది) దానంతటదే పోతుంది.

షార్లెట్_లక్ష్మి
పోదండీ. అది కన్వెన్షనల్ లోన్ ఇన్సూరెన్స్, పీఎంఐ సంగతి. అక్కడా 20 శాతానికి మనం అడగాలి, 22కి దానంతటదే పోతుంది. ఎఫ్‌హెచ్‌ఏలో పది శాతం కన్నా తక్కువ డౌన్ పెడితే లోన్ తీరేదాకా కట్టాల్సిందే. పదో అంతకన్నా ఎక్కువో పెడితే 11 ఏళ్లు. ఈయన లోన్ 4,05,300. ముందుగా 1.75 శాతం, అంటే ఏడు వేల పైచిలుకు లోన్‌కి కలుపుతారు. ఆ తర్వాత ఏటా 0.55 శాతం, నెలకి 185 దాకా. వదిలించుకోవాలంటే రీఫైనాన్సే (కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చడమే) దారి.

లోన్_గురువు
అమ్మా, నువ్వు గూగుల్ చూసి చెప్తున్నావు, నేను అనుభవంతో చెప్తున్నాను.

ఎస్క్రో_బాధితుడు
గురువుగారూ, మీ సగం డాలస్‌లో నేనూ ఉన్నానేమో అని భయంగా ఉంది.

సార్జంట్_రావు
అందుకే నేను అప్పట్లో ఉన్న మావ్ని స్కీములో (వీసా మీదున్నవాళ్లని సైన్యంలోకి తీసుకునేవారు) ఆర్మీలో చేరాను. వీఏ లోన్ (సైనికులకి దొరికే ప్రభుత్వ హామీ లోన్), డౌన్ సున్నా, నెలనెలా ఇన్సూరెన్సూ లేదు. మొదటిసారి కాబట్టి ఫండింగ్ ఫీజు 2.15 శాతం, అదీ లోన్‌లోనే కలిపేశారు. చేరేటప్పుడు మా బంధువులంతా నవ్వారు.

ఎడిసన్_బాబాయ్
సార్జంట్ గారూ, మావాడు కాలేజీ సెకండియర్. రిజర్వ్స్‌లో చేరినా ఈ లోన్ ఇస్తారా? విడిగా మెసేజ్ పెడతాను.

సుజాత_హ్యూస్టన్
టైటిల్ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం. రెండు వేరు. ఒకటి లెండర్ కోసం, తప్పదు. రెండోది మీ కోసం. టెక్సస్‌లో ప్రీమియం రేటు రాష్ట్రమే నిర్ణయిస్తుంది, ఏ కంపెనీకి వెళ్లినా అదే. మీ పాలసీ డబ్బు బిల్డర్‌ని పెట్టుకోమనండి. ఎఫ్‌హెచ్‌ఏలో అమ్మేవాడు ధరలో 6 శాతం దాకా మీ ఖర్చులు భరించొచ్చు.
ముహూర్తం జాగ్రత్త. క్లోజింగ్ డిస్‌క్లోజర్ (ఖర్చుల చివరి లెక్క కాగితం) మీ చేతికొచ్చాక మూడు పనిదినాలు ఆగాలి. శనివారం లెక్కలోకి వస్తుంది, ఆదివారం రాదు. చివర్లో లోన్ రకం మార్చినా, ఏపీఆర్ (ఫీజులతో కలిపిన ఏడాది వడ్డీ రేటు) బాగా కదిలినా మళ్లీ మూడు రోజులు. క్లోజింగ్ 14కే పెట్టుకుంటే పంతులుగారు వచ్చినా తాళాలు రావు.

కరీంనగర్_టు_ఆస్టిన్
ముహూర్తం ముచ్చట ఇడిచిపెట్టున్రి. నాకు చిట్టి ఎత్తిన పైసలు అకౌంట్ల పడితే అండర్‌రైటర్ (లోన్ కాయితాలు చూసి ఓకే చేసేటోడు) నెల దినాలు సతాయించిండు. చిట్టి అంటే ఏందో ఇంగ్లీషుల లెటర్ రాయమన్నడు! గిఫ్ట్ అని రాద్దామంటే చిట్టి నడిపేటోడు చుట్టం గాదాయె.

షార్లెట్_లక్ష్మి
కానిదాన్ని గిఫ్ట్ అని రాస్తే అది ఫ్రాడ్ అవుతుంది తమ్ముడూ.

కరీంనగర్_టు_ఆస్టిన్
రాసిన్నని అన్ననా? రాద్దామనుకున్న.

ఫ్రిస్కో_కొత్తకాపు
అందరికీ థ్యాంక్స్. బిల్డర్ లెండర్‌ని అడిగాను. ఖర్చుల కింద 9 వేలు క్రెడిట్ ఇస్తారట, టైటిల్ పాలసీ డబ్బు కూడా వాళ్లే పెట్టుకుంటారట. కాకపోతే వడ్డీ రేటు బయటి లెండర్ కన్నా 0.375 ఎక్కువ. నెలకి వందదాకా తేడా. నాలుగైదేళ్లలో రీఫైనాన్స్ చేస్తే ఈ క్రెడిటే మేలనిపిస్తోంది. క్లోజింగ్ 11కి జరిపించాను.

లోన్_గురువు
నేను మొదటే చెప్పాను, బిల్డర్ లెండర్‌ని పట్టుకోమని.

కరీంనగర్_టు_ఆస్టిన్
ఎక్కడ చెప్పిన్రు సార్? మొత్తం కిందికెళ్లి మీదికి చదివిన.