స్పెల్‌చెక్ ఎర్రగీత పెట్టని ఇంగ్లిష్ తప్పులు: ఫ్లెక్స్, బ్రోచర్ పనిలో ఎలా పట్టుకోవాలి?

డాబాగార్డెన్స్_డీటీపీ
డీటీపీ, ఫ్లెక్స్ పని మాది. మేటర్ వాట్సాప్‌లో వస్తుంది, వచ్చింది వచ్చినట్టు కోరల్‌లోకి (డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించేస్తాం. ఇప్పుడు చేతిలో మూడు పనులున్నాయి: పోర్టు సరుకు తోలే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ బ్రోచర్, బీచ్ రోడ్డు హోటల్ మెనూ, పుస్తకాల షాపు బోర్డు. స్టేషనరీ చివర ఏఆర్‌వైయా, ఈఆర్‌వైయా? లైసెన్స్‌లో సీ ఎప్పుడు, ఎస్ ఎప్పుడు? మీటర్ చివర ఆర్‌ఈ అని ఒకరు, ఈఆర్ అని ఒకరు పంపుతున్నారు. హార్బర్‌లో యూ పెడితే వర్డ్ ఎర్రగీత పెడుతోంది, తీసేస్తే కస్టమర్ ఒప్పుకోవట్లేదు. బ్రిటిష్ పద్ధతా, అమెరికన్ పద్ధతా, ఏది పట్టుకోవాలి మాస్టారూ?

ప్రూఫు_ఎంవీపీ
మనకి బ్రిటిష్ పద్ధతే. మన చట్టాలు, బ్యాంకులు, బడి పుస్తకాలు అదే వాడతాయి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో చెక్కు చివర క్యూయూఈ ఉంటుంది, 1988 మోటారు వాహనాల చట్టంలో డ్రైవింగ్ లైసెన్స్‌కి సీ ఉంటుంది.

ఎర్రగీత మీ తప్పు కాదు, వర్డ్ అమెరికన్ ఇంగ్లిష్‌లో ఉంది. కంట్రోల్ ఏ కొట్టి, రివ్యూలో లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌కి వెళ్ళి ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. అక్కడే ‘డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్’ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. అది ఉన్నంతసేపూ ఎన్ని తప్పులున్నా గీత రాదు. సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కితే రోజూ ఈ బాధ ఉండదు.

అసలు గొయ్యి ఇంకోచోట ఉంది. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లో ‘ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్’ అని ఒకటుంటుంది, ముందునుంచే టిక్ అయి ఉంటుంది. బోర్డు మేటరంతా క్యాపిటల్స్‌లోనే వస్తుంది కదా, వర్డ్ దాన్ని చూడనే చూడదు. ఆ టిక్ తీయండి. కోరల్‌లో కంట్రోల్ ఎఫ్12 కొడితే స్పెల్‌చెక్ వస్తుంది, కాకపోతే అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చే కంట్రోల్ క్యూ కొట్టకముందే చూసుకోవాలి. కర్వ్స్ అయ్యాక అవి అక్షరాలు కావు, బొమ్మలు.

స్టేషనరీ: పెన్నూ కాగితం అమ్మితే ఈఆర్‌వై, కదలకుండా నిలబడితే ఏఆర్‌వై. పేపర్ చివర ఈఆర్ ఉంది, అది గుర్తుంచుకోండి. రెండూ ఒక్క చెట్టు కొమ్మలే. ఊరూరా తిరక్కుండా ఒకచోట కూర్చుని పుస్తకాలమ్మేవాణ్ణి స్టేషనర్ అనేవారు. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి ఏ స్పెల్‌చెక్కూ పట్టదు.

లైసెన్స్: చేతికిచ్చే కాగితం అయితే సీ, ఇవ్వడమనే పని అయితే ఎస్. అందుకే లైసెన్స్ నంబర్‌కి సీ, లైసెన్స్‌డ్ సర్వేయర్‌కి, లైసెన్సీకి ఎస్. ప్రాక్టీస్‌దీ ఇదే దారి. ప్రాక్టీసింగ్ అడ్వొకేట్ అంటే ఎస్. అమెరికాలో మాత్రం లైసెన్స్ ఎప్పుడూ ఎస్, ప్రాక్టీస్ ఎప్పుడూ సీ. అనుమానమొస్తే అడ్వైస్‌ని తలుచుకోండి: సలహా అనే మాటకి సీ, సలహా ఇవ్వడానికి ఎస్. ఇంగ్లిష్‌లో ఆ రెంటి చివరి శబ్దం వేరు. తెలుగులో జెడ్ శబ్దానికి అక్షరం లేదు గనక మనం రెంటినీ అడ్వైజ్ అనేస్తాం.

జిమ్ ఫ్లెక్సుల మీద బరువు తగ్గించుకోండి అనబోయి వదులు చేసుకోండి అని రాయడం కూడా అందుకే. లూజ్ అంటే వదులు అయితే రెండు ఓలు, పోగొట్టుకోవడం అయితే ఒకటే ఓ. వదులు చొక్కాలో రెండు పడతాయి. పోగొట్టుకున్నవాడికి ఒకటి పోయింది.

కీ_నంబర్_నాలుగు
ట్రాన్స్‌పోర్ట్ బ్రోచర్ మాట చెప్తాను. అందులో స్పెల్లింగ్ మారితే లెక్కే మారిపోతుంది.

టన్ను: టీఓఎన్ఎన్ఈ అంటే కచ్చితంగా 1000 కిలోలు. ఉత్త టీఓఎన్ అని వదిలేస్తే పాత బ్రిటిష్ టన్ను సుమారు 1016 కిలోలు, అమెరికన్ టన్ను సుమారు 907. ఇరవై వేల టన్నుల సరుకు మీద బ్రిటిష్ లెక్కకీ మెట్రిక్ లెక్కకీ 320 టన్నుల పైనే తేడా. ముందు మెట్రిక్ అని ఉంటే ఏ స్పెల్లింగైనా వెయ్యి కిలోలే. ఏసీకి మాత్రం ఎప్పుడూ టీఓఎన్నే, అది బరువు కాదు, గంటకి 12,000 బీటీయూల చల్లదనం.

బర్త్: ఓడ ఆగేచోటు, రైల్లో పడుకునేచోటు రెంటికీ బీఈఆర్‌టీహెచ్. ఐ పెడితే పుట్టుక. మన విశాఖపట్నం ఇన్నర్ హార్బర్‌లో ఈస్ట్ కీ, వెస్ట్ కీ బర్తులున్నాయి కదా, ఆ కీ స్పెల్లింగ్ క్యూయూఏవై. పలికినట్టు రాస్తే తాళంచెవి అవుతుంది.

డ్రాఫ్ట్: ఓడ నీళ్ళలో ఎంత లోతు దిగిందో చెప్పే మాటకి బ్రిటిష్ స్పెల్లింగ్ డీఆర్ఏయూజీహెచ్‌టీ, అమెరికన్ డీఆర్ఏఎఫ్‌టీ. షిప్పింగ్ కాగితాల్లో రెండూ తిరుగుతుంటాయి. కస్టమర్ కాగితంలో ఏది ఉంటే అదే ఉంచండి, ఒకే బ్రోచర్‌లో రెండూ కలపొద్దు. బ్యాంకు డీడీకి ఎప్పుడూ ఏఎఫ్‌టీ, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్‌కి ఏయూజీహెచ్‌టీ. పొడుగు స్పెల్లింగ్‌లో ఏ బదులు ఓ పడిందో, ఓడ కాస్తా కరువులో పడుతుంది!

మీటర్: కొలతకి ఆర్‌ఈ, కొలిచే పరికరానికి ఈఆర్. కరెంటు మీటరు, ఆటో మీటరు ఈఆరే. కిలోకి కేజీ చాలు, రెండూ చిన్నక్షరాలు, చివర ఎస్ తగిలించొద్దు.

సిరిపురం_సబ్‌ఎడిటర్
పై రెండు జవాబులూ కరెక్టే. కానీ ఇవి చదివి ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రీప్లేస్ ఆల్ కొట్టేరు, కొంప మునుగుతుంది. ఈఆర్ మీటర్‌ని ఆర్‌ఈ చేయమంటే డయామీటర్, థర్మామీటర్, పారామీటర్ అన్నీ పాడవుతాయి. లేబర్‌లో యూ చేర్చమంటే లేబొరేటరీలో కూడా చేరుస్తుంది. టైర్‌లో ఐ తీసి వై పెట్టమంటే రిటైర్డ్ ఉద్యోగులందరికీ వై తగులుతుంది. ‘ఫైండ్ హోల్ వర్డ్స్ ఓన్లీ’ టిక్ పెట్టి, ఒక్కొక్కటీ కళ్ళతో చూసి మార్చండి.

జెడ్ కనబడగానే అమెరికన్ అని కొట్టేయకండి. ఆర్గనైజ్‌కి జెడ్ పెట్టడం ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పద్ధతి కూడా. అంతర్జాతీయ కార్మిక సంస్థ పేరు చూడండి: లేబర్‌లో యూ ఉంది, ఆర్గనైజేషన్‌లో జెడ్ ఉంది. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే నడపండి. అడ్వర్టైజ్, సూపర్‌వైజ్, ఎక్సర్‌సైజ్‌లకి మాత్రం ఎస్సే పెట్టాలి. అనలైజ్‌కి జెడ్ పెడితే అది అమెరికన్ స్పెల్లింగే.

సొంత పేర్ల జోలికి పోవద్దు. పెర్ల్ హార్బర్‌కి యూ లేదు, మీరు చేర్చకూడదు.

డాబాగార్డెన్స్_డీటీపీ
అప్పర్‌కేస్ టిక్ తీశాను, పాత ఫైల్లో పదకొండు గీతలొచ్చాయి. ఇంకొన్ని: అపార్ట్‌మెంట్ పాంప్లెట్‌లో స్టోరీ, హోటల్ వాళ్ళ కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫాస్ట్, ఇంకా మన ఊరు విశాఖపట్నం పేరు. హెచ్ ఎక్కడ పెట్టాలో తలా ఒకటి చెప్తున్నారు.

ప్రూఫు_ఎంవీపీ
అంతస్తుకి ఎస్‌టీఓఆర్‌ఈవై, బహువచనానికి ఊరికే ఎస్. ఈ లేకపోతే కథ.

ఉచితంగా ఇచ్చేది, పొగిడేది ఐ. సావనీర్ ప్రకటనల్లో ‘విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్’ కూడా ఐ. ఒకదానికొకటి పూర్తిచేసేది ఈ. కంప్లీట్‌లో ఎల్ తర్వాత ఈ ఉంది కదా, ఇక్కడా అంతే.

ఊరి పేరులో హెచ్ ఒక్కటే, కే తర్వాత. శ పలుకుతాం గదా అని ఎస్ తర్వాత ఇంకోటి పెట్టేస్తారు, అది వద్దు. స్టేషన్ కోడ్ వీఎస్‌కేపీ చూస్తే వరస గుర్తుంటుంది. వీధుల పేర్లకి మాత్రం మనమెవరం తీర్పు చెప్పడానికి? కస్టమర్ జీఎస్‌టీ సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలాగే అక్షరం పొల్లుపోకుండా దించండి. అన్నట్టు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు పాత బ్రోచర్ మేటరే పంపి ఉంటే పోర్ట్ ట్రస్ట్ అని ఉందేమో చూడండి. 2021లో పెద్ద పోర్టుల చట్టం వచ్చాక అది పోర్ట్ అథారిటీ అయింది.

కీ_నంబర్_నాలుగు
మెనూలో చివరి పేజీ కూడా ఓసారి చూడండి. భోజనం తర్వాత తినే తీపికి మధ్యలో రెండు ఎస్‌లు. ఒకటే పెడితే ఎడారి వడ్డించినట్టు.

డాబాగార్డెన్స్_డీటీపీ
ఒకటే ఉంది! ప్రింటింగ్‌కి ఫిల్మ్ ఇంకా వెళ్ళలేదు, మారుస్తున్నా.