‘విపత్తు పునరుద్ధరణ’ అంటే విపత్తును మళ్లీ తేవడమా?

ప్రశ్న:
మా బ్యాంకు సిబ్బంది కోసం సర్వర్ల మీద ఒక శిక్షణ పుస్తకం తెలుగులో తెస్తున్నాం. డిజాస్టర్ రికవరీకి ‘విపత్తు పునరుద్ధరణ’, రెప్లికాకి (డేటాకి ఎప్పటికప్పుడు తయారయ్యే రెండో కాపీ) ‘ప్రతికృతి’, స్ప్లిట్ బ్రెయిన్‌కి ‘విభజిత మెదడు’, కోరంకి ‘గణపూర్తి’ అని ముసాయిదాలో ఉంది. చదివినవాళ్లంతా తల పట్టుకుంటున్నారు. ఇంతకన్నా మంచి మాటలుంటే చెప్పండి.

జవాబు (డేటాసెంటర్‌లో పనిచేసే సభ్యుడు):
ఆలయ పునరుద్ధరణ అంటే ఆలయాన్ని బాగుచేయడం, చెరువుల పునరుద్ధరణ అంటే చెరువుల్ని బాగుచేయడం. ఆ లెక్కన మీ మాటకి అర్థమేమిటో చూసుకోండి! ఆఫీసులో అందరూ డీఆర్ అనే అంటారు. ‘ఆదివారం డీఆర్ డ్రిల్ ఉంది’, ‘డీఆర్‌కి మారాం’. పుస్తకంలోనూ అదే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘విపత్తు వచ్చాక సేవల్ని మళ్లీ నిలబెట్టడం’ అని విడమరిస్తే చాలు.

విపత్తు అనే మాటను మాత్రం వదలొద్దు. ఇక్కడ తుఫానో భూకంపమో రానక్కర్లేదు, ఎవరో ఒకరు ‘ఇది విపత్తు’ అని ప్రకటించాలి. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో టెలికాం లింకులు దెబ్బతిని 11:40కి ట్రేడింగ్ ఆగింది, మళ్లీ మొదలైంది 3:45కి. డీఆర్ సైట్ (వేరేచోట సిద్ధంగా ఉంచే రెండో డేటాసెంటర్) ఉన్నా దానికి మారలేదు. ఆ మరుసటి నెలే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన బిగించింది: కీలక వ్యవస్థ ఆగిన 30 నిమిషాల్లోపు విపత్తు అని ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లోపు డీఆర్ నుంచి పని నడవాలి.

ఆ 45 నిమిషాలే ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్). మనవాళ్లకి ఆర్టీఓ అంటే బండి లైసెన్సు ఆఫీసే గుర్తొస్తుంది, అది వేరే తలనొప్పి. దాని జోడీ ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్), సెబీ లెక్కలో 15 నిమిషాలు. రెండూ నిమిషాల్లోనే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు కలిపేసుకుంటారు. మొదటిది సేవ ఎంతసేపు ఆగొచ్చో చెబుతుంది, రెండోది ఎన్ని నిమిషాల డేటా పోయినా తట్టుకోగలమో చెబుతుంది. ‘నిలుపుదల పరిమితి’, ‘నష్ట పరిమితి’ అని పెడితే గందరగోళం ఉండదు. ‘పునరుద్ధరణ కాల లక్ష్యం’, ‘పునరుద్ధరణ బిందు లక్ష్యం’ అని మాత్రం రాయకండి, దండం పెడతా.

ఫెయిలోవర్‌కి మన భాషలో తయారుగా ఉన్న మాట ‘పగ్గాలు చేపట్టడం’. ముంబై సైట్ ఆగితే చెన్నై సైట్ పగ్గాలు చేపట్టింది. తిరిగి అప్పగిస్తే ఫెయిల్‌బ్యాక్. రెండోదే కష్టం. 2018 అక్టోబర్ 21న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌కి అమెరికా తూర్పు తీరంలో 43 సెకన్లు లింకు తెగింది. పడమటి తీరం పగ్గాలు అందుకుంది. తూర్పున చివరి క్షణాల్లో రాసినవి పడమటికి చేరలేదు, పడమట కొత్తగా రాసినవి తూర్పున లేవు. 43 సెకన్ల తెగుడుకి 24 గంటల 11 నిమిషాలు సేవలు కుంటుపడ్డాయి.

తెలుగు మాస్టారు:
ప్రతికృతి బదులు ‘ప్రతిబింబం’ బాగుంటుంది కదా నాయనా! ఇక్కడేం జరిగితే అక్కడా అదే కనిపిస్తుంది.

జవాబు:
మాట అందంగా ఉంది మాస్టారూ, కానీ మనిషి పక్కకి జరిగితే అద్దంలో బింబం కూడా పోతుంది. అసలుది పోయినప్పుడు నిలబడటానికే కదా రెప్లికా పెట్టేది. ‘నకలు’ కూడా కుదరదు. ఎమ్మార్వో ఆఫీసులో తీసుకునే నకలు ఆ తేదీతో ఆగిపోతుంది. అది బ్యాకప్‌కి సరిగ్గా సరిపోతుంది, దానికి ఉంచేద్దాం. రెప్లికా అసలు వెంటే పరిగెడుతూ ఉంటుంది కాబట్టి ‘వెంటప్రతి’ అందామా? ఎవరైనా పొరపాటున డేటాబేస్‌లో ఒక టేబుల్ తుడిచేస్తే వెంటప్రతిలోనూ తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు ఆదుకునేది నకలే.

మాస్టారు:
వెంటప్రతి బాగుంది, సమాసంగానూ నిలుస్తుంది. మరి సింక్రనస్, అసింక్రనస్?

జవాబు:
‘రసీదు రకం’, ‘రసీదు అడగని రకం’. అవతల రాశామని కబురు వచ్చేదాకా ఆగితే మొదటిది. ముంబై, చెన్నై మధ్య దాదాపు 1000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగుకి రానూపోనూ కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి ట్రేడింగ్ ఆర్డరూ అంతసేపు ఆగలేదు కాబట్టే, దూరాన డీఆర్ ఉన్నా, డేటా అస్సలు పోకుండా దగ్గరలో ఇంకో సైట్ ఉండాలని సెబీ అడుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి విభజిత మెదడు, గణపూర్తి?

జవాబు:
విభజిత మెదడు అంటే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. లింకు తెగినప్పుడు రెండు సర్వర్లూ ‘నేనే పెద్ద’ అనుకుని రాసుకుంటూ పోవడమే అది. ఒకే ఒరలో రెండు కత్తులు అంటే ఎవరికైనా తెలుస్తుంది.

‘కోరం లేక సభ వాయిదా’ అని పేపర్లో చదివే మాటే, కోరం ఉంచేయండి. కానీ కింద ఒక వివరణ తప్పనిసరి. శాసనసభకి పదోవంతు సభ్యులుంటే కోరం సరిపోతుంది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభలో 18 మంది చాలు. క్లస్టర్లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో) అలా కుదరదు, పెద్ద ఎవరో తేలాలంటే సగం కన్నా ఎక్కువ ఓట్లు కావాలి. పదోవంతే చాలంటే, లింకు తెగినప్పుడు రెండు పక్కలా కోరం ఉందని ఇద్దరూ సభ నడిపేస్తారు.

రెండే సర్వర్లుంటే ఎటూ తేలదు కాబట్టి మూడో ఓటు కోసం విట్‌నెస్ అని ఒకటి పెడతారు. దాన్ని మాత్రం ‘సాక్షి’ అనొద్దు. సాక్షి చూసింది చెబుతాడంతే, ఇది ఓటేస్తుంది. ‘మధ్యవర్తి’ అనండి.