మా నాయన ఎజ్డీకి పల్సర్ ఫోర్కు ఎక్కిస్తాండా, మెడ కాడ కుదర్లేదు

అనంతపురం ఎజ్డీ:
అన్నలకు నమస్కారం. మా నాయనది 1992 ఎజ్డీ రోడ్‌కింగ్, ఏపీ 02 నంబరు. ఆయన పోయినాక పశువుల కొట్టంలో పడి ఉన్నింది. ముందు చక్రం, దాన్ని పట్టుకునే ఫోర్కు తుప్పుకే పోయినాయి. ఇంజను మాత్రం కిక్కు కొడితే తిరుగుతాంది. గుజిరీ అంగడిలో యాక్సిడెంటయిన పల్సర్‌ది ఫోర్కు, డిస్కు బ్రేకుతో సహా ముందు చక్రం దొరికినాయి. రాజ్‌దూత్ ట్యాంకు ఒకటి తూకానికే ఇచ్చినాడు, అడుగున సన్న బొక్కలుండాయి. పనంతా ఇంటి ఎనక రేకుల షెడ్డులోనే.

చిక్కంతా మెడ కాడ, అంటే హ్యాండిలు కింద ఫోర్కు తిరిగే పైపు కాడ. పల్సర్ టీ కడ్డీ (ఫోర్కు గొట్టాలను పట్టుకునే టీ నడుమ కడ్డీ) ఎజ్డీ మెడలో దూరుతాంది గానీ కోన్‌సెట్టు (అది తిరిగే బేరింగులు) సరిపోక లొడలొడ అంటాంది. లేతు ఆయప్ప "సందు నింపను బుష్షు రింగు కొట్టిస్తే చాల్లే" అంటాడు. ఇంకోటి, ఎనక మడ్గార్డు పైపులు కోసి పొట్టి చేసి సింగిల్ సీటు పెట్టాలని ఉండాది. మా వీధిలో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగు షాపుంది, ఆడ చేపియ్యచ్చునా? మా యమ్మేమో ట్యాంకు తుప్పుకు చింతపండు పులుసు పొయ్యమంటాంది. నవ్వాల్నో, పొయ్యాల్నో తెలీలేదు.

కర్నూలు లేతు:
పొయ్యి తమ్ముడూ. పులుపు తుప్పును తింటుంది. చిక్కగా పిసికి, వడగట్టి, నింపి రెండ్రోజులు వదిలెయ్. పారబోసినాక సోడాఉప్పు నీళ్లతో కడుగు, ఆరిన వెంటనే టూటీ ఆయిలు (టూ స్ట్రోకు బండ్లకు పోసేది) కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తడిసేలా తిప్పు. ఊరికే వదిలేస్తే ఆ పూటకే మళ్లీ ఎర్రబడుతుంది. బొక్కలతోనే అసలు భయం. ఎన్నేండ్లు ఎండిన ట్యాంకయినా లోపల పెట్రోలు ఆవిరి దాక్కోనుంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. బొక్క పైకొచ్చేలా తిప్పిపెట్టి, దాని అంచు దాకా నీళ్లు నింపినాకే అతుకు.

మెడలో బుష్షు వద్దంటే వద్దు. ముందు బ్రేకు పట్టినప్పుడు బరువంతా ఆడికే వస్తుంది, నీదేమో డిస్కు బ్రేకు. వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే స్కేలు) మెడ పైపు లోపలి కొలత, కడ్డీ బయటి కొలత తీసుకో, పైనా కిందా వేరువేరుగా. రెంటికీ కుదిరే టేపర్ రోలర్ బేరింగులు దొరికితే అదృష్టం. లేకుంటే ఎజ్డీ కొలతకు కొత్త కడ్డీ తిప్పించి, పల్సర్ కింది టీలో ప్రెస్సు చేయించాలి. సుత్తితో దింపుతాననే వాడి దగ్గరికి పోనేవద్దు.

ఫోర్కు పొడవు కూడా చూసుకో. పాతదానికంటే పొట్టిదైతే బండి ముక్కు వంగి, స్పీడులో హ్యాండిలు చేతిలో నిలవదు. పొడుగైతే మలుపులో మొరాయిస్తుంది.

గేట్ల షాపాయన మంచోడే కావచ్చు. కానీ గేటు గుంతల్లో ఎగరదు కదా! షాకబ్జర్ బోల్టుకు ముందుండే పైపు ముట్టుకోవద్దు.

పులివెందుల కుర్రోడు:
ఈ ఖర్చుకు పాత స్ప్లెండర్ వచ్చేది గదా బ్రో.

అనంతపురం ఎజ్డీ:
స్ప్లెండర్ ఉండాది బ్రో. దాని మీదనే గుజిరీకి తిరుగుతాండా.

కడప ఫారాలు:
ఆర్టీవో ఆఫీసు ముందర కూర్చోని ఫారాలు నింపేటోణ్ణి. ఇంతమంది మాట్లాడినారు, కాగితాల మాట ఒక్కరన్నా ఎత్తలేదే!

ఆర్సీ మీ నాయన పేరు మీదే ఉంటే ముందు ఫారం 31 పెట్టి నీ పేరుకు మార్పించుకో. 15 ఏండ్లు దాటింది కాబట్టి ఫారం 25తో రెన్యువల్, అది ఐదేండ్లకే వస్తుంది, బండి ఇన్‌స్పెక్టరుకు చూపియ్యాల. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి, ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చే మార్పు చెయ్యగూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడే చట్టం సవరించి 182ఎ తెచ్చినారు: ఒక్కో మార్పుకు 5000 జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. ఫోర్కు, తోక, ట్యాంకు... నువ్వే లెక్కేసుకో.

ఛాసిస్ నంబరు కాడ గ్రైండరు పెట్టనియ్యద్దు, పుట్టీ కింద పూడ్చద్దు. అది చెరిగితే నీ ఎజ్డీ మళ్లీ తూకానికే. నన్నడిగితే పైపే కొయ్యద్దంటా. సింగిల్ సీటు కూడా బోల్టులతో బిగించు. ఆఫీసరు ఒప్పుకోకుంటే విప్పేసి పాత రూపానికి తెచ్చుకోవచ్చు, కోసిన పైపు మాత్రం తిరిగి రాదు.

అనంతపురం ఎజ్డీ:
కోసేది మానుకున్న్యా అన్నా. ఫోర్కు కూడా ఎజ్డీదే పాతది దొరికితే పల్సర్‌ది అమ్మేస్తా. యాడ దొరుకుతాది?

కర్నూలు లేతు:
మేమైతే హైదరాబాదు పుత్లీబౌలి పోతాం. నీకు బెంగళూరు దగ్గర, జేసీ రోడ్డులో అడుగు, శివాజీనగర్ గుజిరీ కూడా చూడు. ఫోర్కు గొట్టాల మీద పైపై తుప్పుంటే గ్రైండింగు చేయించి హార్డు క్రోము వేయించుకోవచ్చు. వంగినదైతే వద్దు. అంగట్లో గాజు పలక అడిగి దాని మీద దొర్లించు, ఒకచోట ఎగిరెగిరి పడితే వంగినట్టే. అంగడోడు విసుక్కున్నా సరే, దొర్లించందే డబ్బులియ్యద్దు.